హీరో నోట ‘ఏటి’

ఊర్మిళ సినిమా చూస్తుంటే పక్కన కూర్చోవడానికి ఇంట్లో వాళ్లకి భయం. హీరో స్నేహితుడు తన పెళ్లి కుదిరిందని సంబరంగా చెప్పాడంటే చాలు, “పాపం, వీడు ఇంటర్వెల్ దాటడు” అంటుంది. వాడు దాటడు. తల్లి పాత్ర కొడుక్కి గోరుముద్దలు పెడుతుంటే, “ఆవిడ ఫొటోకి దండ సిద్ధం చేసుకోండి” అంటుంది. ఆమె భర్త గిరిబాబు గూడ్సు బండి నడిపే లోకో పైలట్. డ్యూటీ దిగి వచ్చి కాసేపు టీవీ ముందు కూర్చున్నా, కథంతా నువ్వే చెప్పేస్తే నేను చూసేదేముందని తువ్వాలు భుజాన వేసుకుని లేచిపోయేవాడు.

పెళ్లయి విజయనగరం నుంచి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు ఊర్మిళ వెంట బి.ఏ. పట్టా, సినిమా పిచ్చి రెండూ వచ్చాయి. పట్టా బీరువాలో ఉండిపోయింది. పిచ్చికి మాత్రం రోజూ పని ఉంది. రైల్వే క్వార్టర్‌లో వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఆమె గమనించినవి ఒకటా రెండా? ఒకప్పుడు హీరో వస్తున్నాడంటే ముందు బూట్లు కనిపించేవి, ఇప్పుడు ముందు వీపు కనిపిస్తోంది, దాని చుట్టూ పొగ. ఒకప్పుడు కత్తి విలన్ చేతిలో ఉండేది. ఇప్పుడు హీరో గొడ్డలితో దిగుతుంటే, విలన్ పాపం సూటు వేసుకుని కూర్చుని మాట్లాడుకుందామంటున్నాడు. హీరోయిన్ ఒక పాటకి వచ్చి రెండో పాట నాటికి కనిపించకుండా పోతోంది, ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు కూడా లేరు. సీరియల్లో అత్తగారు తల తిప్పడానికి సోమవారం మొదలుపెడితే బుధవారానికి గానీ కోడలు కనబడదు.

అత్తగారంటే గుర్తొచ్చింది, ఊర్మిళ అత్తగారు కనకం అలాంటి మనిషి కాదు. తల తిప్పేలోపే నాలుగు మాటలు అనేస్తుంది. భర్త సత్యనారాయణ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరినప్పుడు శ్రీకాకుళం పక్కనుంచి బిలాస్‌పూర్ వచ్చిన ఆవిడ, ఆయన పోయినా ఈ ఊరు వదల్లేదు. ఇప్పటి హీరోలంతా ఆవిడకి ఒక్కలాగే కనిపిస్తారు కాబట్టి గడ్డాల్ని బట్టి పేర్లు పెట్టుకుంది: పెద్ద గడ్డం, చిన్న గడ్డం, మాసిన గడ్డం. ఒకసారి మాల్‌కి తీసుకెళ్తే సినిమా సగంలో ఆగిపోయి, మిగతాది రెండో భాగంలో అని తెర మీద పడింది. జనం లేచిపోతున్నా కనకం సీటు వదల్లేదు.

“ఇంతకీ ఆ పిల్లకి పెళ్లయినాదా నేదా?” అని కోడల్ని అడిగింది. “బండి సగం దార్లో ఆపీసి దిగిపొమ్మంటే ఊరుకుంటామేటి?”

ఆ ఇంట్లో మూడో అభిమాని లాస్య. ఎనిమిదో తరగతి చదువుతోంది. చిన్న గడ్డం అంటే ప్రాణం. అతని సినిమాలన్నీ చూసింది. అయితే అన్నీ హిందీలోనే, ఎందుకంటే బిలాస్‌పూర్ థియేటర్లలో తెలుగు సినిమా హిందీ మాట్లాడుతూనే దిగుతుంది. తెలుగు తెలుసు గానీ చదవడం రాదు. వాక్యం తెలుగులో మొదలై మధ్యలో హిందీ పట్టాలెక్కుతుంది.

ఆ సంవత్సరం ఉగాదికి తెలుగు సంఘం ఒక షరతు పెట్టింది. కిందటేడు పిల్లలంతా హిందీ పాటలకే గెంతారట. అది చూసిన సాంస్కృతిక కార్యదర్శి జానకిరామ్ ఈసారి స్టేజీ మీద తెలుగు తప్ప మరో మాట వినపడకూడదన్నాడు. ఆయన గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, నెహ్రూ నగర్‌లో ఉంటాడు. లాస్యకేమో చిన్న గడ్డం కొత్త సినిమాలోని సముద్రం డైలాగు చెప్పాలని కోరిక. ఆ సినిమాలో అతను జాలరి. రేవు కొనడానికి వచ్చిన షావుకారుకి ఎదురు నిలబడి మాట్లాడతాడు. బడిలో సగం మంది పిల్లలు దాన్ని అనుకరిస్తూ రీళ్లు చేశారు. లాస్య కూడా చేసింది, “యే సమందర్ మేరే బాప్ కా హై, జూతే ఉతార్!” అని, అంటే ఈ సముద్రం మా నాన్నది, చెప్పులు విప్పు అని.

తెలుగులో చెప్పమంది ఊర్మిళ.

లాస్య ముఖం చిట్లించింది. “తెలుగులోది డబ్బింగ్ కదా మమ్మీ. అసలు గొంతు హిందీలోదే. తెలుగులో వేరే ఎవరో బోల్తే హై, సూట్ అవ్వదు.”

ఊర్మిళ చేతిలోని గరిటె ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి హిందీ గొంతే విన్న పిల్లకి, హీరో సొంత గొంతు ఎరువు గొంతైపోయింది. ఇంతకాలం ఎన్నో కనిపెట్టాననుకుంటే, తన ఇంట్లో ఉన్నదాన్నే కనిపెట్టలేదు. పొయ్యి కట్టేసి వచ్చి టీవీ పెట్టింది. సినిమా యాప్‌లోకి వచ్చేసింది కదా. సముద్రం సీను దగ్గర ఆపి, గొంతు పూర్తిగా తగ్గించి, పెదాలు మాత్రం చూడమంది.

చిన్న గడ్డం చివరి మాట అంటున్నాడు. పెదాలు గట్టిగా మూసుకున్నాయి, తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి.

“జూతే ఉతార్ అను” అంది ఊర్మిళ. లాస్య అంది. “నీ పెదాలు మూసుకున్నాయా?”

మూసుకోలేదు. లాస్య అద్దం దగ్గరికి పరిగెత్తి మళ్లీ అని చూసుకుంది. అప్పుడు ఊర్మిళ భాష తెలుగులోకి మార్చి గొంతు పెంచింది. “సెప్పులిప్పి తొక్కు” అన్నాడు చిన్న గడ్డం. పెదాలు మాటతో పాటే మూసుకుని మాటతో పాటే తెరుచుకున్నాయి. లాస్య నోరు మాత్రం తెరుచుకునే ఉండిపోయింది.

అంతలో గుమ్మం దగ్గర మెంతికూర ఒలుస్తున్న కనకం తలెత్తింది.

“ఈడేటి, మనలాగ మాటాడతన్నాడు?”

సీను మొదటి నుంచి పెట్టించుకుంది. హిందీలో హీరోకి సముద్రాన్ని రాసిచ్చిన తండ్రి ఉన్నాడు గానీ, తెలుగులో ఉన్నది తల్లి, ఆవిడ ఎండబెట్టిన చేపలు. డబ్బింగులో అన్నీ ఒక సైజు పెరుగుతాయని ఊర్మిళకి ముందే అనుమానం. కనకం మాత్రం ఆ తేడా పట్టించుకోలేదు. ఆవిడ ముఖంలో ఇంకేదో ఉంది. కూర చేతిలోనే పట్టుకుని, ఎవరో వెనకనుంచి రాయి విసురుతారేమో అన్నట్టు చూస్తోంది. సీను అయిపోయాక నెమ్మదిగా అడిగింది, మరి జోకు ఎప్పుడొస్తాదని.

జోకు లేదని ఊర్మిళ చెప్పింది.

“ఇలగ మాటాడేవోడు వంటోడో, దొంగ పోలీసో అవుతాడు గదే. ఎవడో ఒకడు ఎనకనుంచి తంతాడు. అందరూ నవ్వుతారు.”

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊర్మిళకి తెలుసు. తను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో తెలుగు సంఘం వాళ్లు ఒక నాటిక వేశారు. అందులో పనివాడు మాటకి ముందు “ఏటి బావూ” అంటాడు, అన్నప్పుడల్లా పడతాడు, హాలు గొల్లుమంటుంది. నాటిక అయ్యాక భోజనాల వరసలో కనకం మామూలుగా, “ఏటమ్మా, కూర మిగల్నేదా?” అని అడిగింది. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ఆ పనివాడి గొంతుతో అదే మాట మళ్లీ అన్నారు. ఆనాటి నుంచి తెలుగు సంఘానికి వెళ్లినప్పుడు మాత్రం ఆవిడ హిందీ మాట్లాడుతుంది. “నమస్తే జీ”, “హాఁ జీ, సబ్ అచ్ఛా” అంటుంది. తెలుగువాళ్లంతా కలిసి తెలుగు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న సంఘంలో కనకం హిందీ ఎందుకు మాట్లాడుతుందో, ఆవాళ వరసలో పక్కన నిలబడ్డ కోడలికి తప్ప ఎవరికీ తెలియదు.

రోజులు మారాయని ఊర్మిళ అత్తగారికి నచ్చజెప్పింది. ఒకప్పుడు హాస్యగాడికిచ్చిన యాసని ఇప్పుడు హీరోకిస్తున్నారని, అది ఈ మధ్య ఒక ఫ్యాషన్ అయిందని, తను అలాంటి సినిమాలు వరసగా చూస్తున్నానని చెప్పింది. కనకం నమ్మినట్టు కనిపించలేదు. కానీ మర్నాటి నుంచి మనవరాలికి పాఠం మొదలుపెట్టింది.

ఆ పాఠాల్లో ఇల్లంతా నవ్వులే. లాస్య ‘సేపలు’ అనబోయి ‘సేబులు’ అనేది. జాలరామె ఆపిల్ పళ్లెండబెట్టుకుందేటే అని కనకం పడీపడీ నవ్వేది. పిల్లని సరిదిద్దడంతో ఆవిడ ఊరుకోలేదు, సినిమా తీసినవాళ్లని కూడా సరిదిద్దింది. ఆ డైలాగు రాసినవాడు మరీ మోజుపడి ప్రతి మాటకీ ఒక ఏటి తగిలించాడని తేల్చింది.

“మాటకో ఏటి ఎడతాడేటి? మనం అలగ మాటాడతామేటి?”

“నహీఁ నానమ్మా, బిల్కుల్ నహీఁ” అంది లాస్య, తల్లి వైపు చూసి నవ్వాపుకుంటూ.

ఏటీలు కొన్ని తగ్గించారు. చిన్న గడ్డం కంటే లాస్య డైలాగే బాగుందని గిరిబాబు కూడా ఒప్పుకున్నాడు, తువ్వాలు తీసుకుని లేవలేదు.

ఉగాదికి వారం ముందు రిహార్సల్ చూసిన జానకిరామ్, ఊర్మిళని పక్కకి పిలిచాడు. పిల్ల చాలా బాగా చేస్తోందని రెండుసార్లు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఏమీ అనుకోకండి ఊర్మిళగారూ. ఆ యాస తీసేసి మామూలు తెలుగులో చెప్పించండి. నాకు చెడుగా అనిపించి కాదండీ. నేనూ ఆ సినిమా రెండుసార్లు చూశాను. కానీ మన పాత రైల్వే కుటుంబాలవాళ్లు చాలామంది వస్తారు. వాళ్లని వెక్కిరించినట్టు అయితే?”

ఇప్పుడు హీరోలే మాట్లాడుతున్నారండీ, ఎవరూ నవ్వడం లేదు అంది ఊర్మిళ.

“సినిమాలో నవ్వరండీ. అక్కడ వెనక సంగీతం ఉంటుంది, సముద్రం ఉంటుంది. మన హాల్లో ట్యూబులైట్లుంటాయి. ఏ మూలనుంచో ఒక్కడు కిసుక్కుమన్నాడనుకోండి, మీ అత్తగారు అక్కడే ఉంటారు కదా?”

ఆయన మంచికే అన్నాడు. అందుకే ఊర్మిళకి కోపం రాలేదు, దిగులు మాత్రం వచ్చింది. బుధవారీ బజార్‌లో కూరలు కొంటున్నంతసేపూ అదే ఆలోచన. సోఫాలో కూర్చుని, వీడు ఇంటర్వెల్ దాటడు అనడం తేలిక. తప్పయితే పోయేదేమీ లేదు. జనం మారారని ఇప్పుడు తను అన్న మాట తప్పయితే, అత్తగారు ఆ హాల్లో రెండోసారి నవ్వులపాలవుతుంది. అదీ మనవరాలి నోటితో.

ఇంటికి వచ్చి లాస్యతో మెల్లిగా అంది, మామూలు తెలుగులో చెబుతావా అని.

“చెప్పులు విప్పి తొక్కండి, అనాలా?” లాస్య అడిగింది. “అప్పుడది డబ్బింగ్ అయిపోతుంది కదా మమ్మీ.”

యాస అలాగే ఉంచుతున్నామని ఊర్మిళ జానకిరామ్‌కి ఫోను చేసి చెప్పేసింది.

కనకం అసలు రానంది. ఫోనులో తీసి చూపించండి చాలంది. లాస్య అలిగి అన్నం మానేస్తే అప్పుడు ఒప్పుకుంది, తలుపు పక్కన, ఆఖరి వరసలో కూర్చుంటానన్న షరతు మీద.

ఉగాది సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. దగ్గర్లోని తఖత్‌పూర్ నుంచి కూడా రెండు కుటుంబాలు వచ్చాయి. పంచాంగం చదివారు, చిన్నపిల్లలు నాట్యం చేశారు, మైకు మధ్యమధ్యలో ఈల వేసింది. కనకం వచ్చినవాళ్లకల్లా “నమస్తే జీ” అంటూ తలుపు పక్క కుర్చీలో పర్సు ఒళ్లో పెట్టుకుని, బండి కోసం చూస్తున్నట్టు కూర్చుంది. ఊర్మిళ స్టేజీ పక్కన నిలబడింది. అక్కడినుంచి హాలు మొత్తం కనిపిస్తుంది.

లాస్య గళ్ల లుంగీ కట్టి, నెత్తికి తువ్వాలు చుట్టి, చుబుకానికి కాటుకతో చిన్న గడ్డం పెట్టుకుని వచ్చింది. పిల్లలు ఈలలు వేశారు. ఆమె చిన్న గడ్డం లాగే ముందు వీపు చూపించి నిలబడింది. పొగ ఒక్కటే తక్కువ. మెల్లిగా తిరిగింది.

“ఏటనుకున్నావు?”

ముందు వరసలో ఒక నవ్వు పేలింది. ఒక్కటి కాదు, దాని పక్కన రెండు, వాటి వెనక ఇంకొన్ని. ఊర్మిళ హాలు చివరికి చూసింది. కనకం పర్సు చంకలో పెట్టుకుని లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని తలుపు వైపు తిరిగింది.

స్టేజీ మీద లాస్య కూడా అది చూసింది. నోట్లో ఉన్న తర్వాతి మాట ఆగిపోయింది. మర్చిపోయిందనుకుని జానకిరామ్ పక్కనుంచి అందించబోయాడు. లాస్య అతని వైపు చూడలేదు. చెయ్యి చాచి, హాలు మొత్తం దాటి, తలుపు వైపు వేలు చూపించింది.

“ఏటి, ఎలిపోతన్నావా? ఉండు. ఇనీసి ఎల్లు.”

సినిమాలో లేని మాట అది. షావుకారుని అంటోందనుకున్నారు జనమంతా. ఎవరిని అంటోందో తెలిసింది ఇద్దరికే. వాళ్లలో ఒకామె గడప మీద కాలు పెట్టి ఉంది.

కనకం వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం మనవరాలి కాటుక గడ్డాన్ని చూసింది. తర్వాత, రైలు కూత వేస్తున్నా ఇవతలి ప్లాట్‌ఫారం నుంచి అవతలి ప్లాట్‌ఫారానికి వినపడే ఆ గొంతుతో,

“ఎల్నులే. సెప్పు” అంది.

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. ముందు వరసలో నవ్వినవాళ్లు కూడా తిరిగారు, అప్పుడు కనిపించాయి వాళ్ల ముఖాలు. మొదట నవ్వింది సింహాచలం, సత్యనారాయణతో పాటు షెడ్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన. కళ్లజోడు తీసి కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. నవ్వు మాత్రం ఆగలేదు. పక్కనున్న ముసలివాళ్లందరిదీ అదే పరిస్థితి. ఇంట్లో తలుపులు వేసుకుని మాట్లాడుకునే మాట మైకులో వినపడేసరికి, దారిలో చుట్టం ఎదురుపడ్డట్టు వాళ్లకి నవ్వొచ్చింది, అంతే. కనకంతో సింహాచలం అక్కడినుంచే, “కూకో వొదినా, మీ గుంట బాగా సెప్తన్నాది” అన్నాడు.

కనకం కూర్చుంది. తలుపు దగ్గర కాదు. నడవలో ముందుకి నడిచి వచ్చి, ఎవరో లేచి ఇచ్చిన కుర్చీలో.

లాస్య చెప్పింది.

“ఏటనుకున్నావు? రేవు కొనీసినాను, సముద్రం నాదైపోనాదనుకున్నావా? ఈ సముద్రం నాది కాదు, నీది కాదు. ఈ ఇసక మీద మా అమ్మ సేపలెండేసి నన్ను పెంచినాది. తొక్కుతావా, తొక్కు. సెప్పులిప్పి తొక్కు.”

సంగీతం లేదు, సముద్రం లేదు, ట్యూబులైట్లే ఉన్నాయి. అయినా చప్పట్లు మొదలై, వాటి మీదుగా సింహాచలం నిలబడి, తన ఊళ్లో పద్య నాటకాలు చూసిన అలవాటుతో, “వన్స్ మోర్” అని అరిచాడు. ఆ అలవాటు తెలియని లాస్య ముఖం చిన్నబోయింది. బడిలో టీచరు మళ్లీ చెప్పమన్నదంటే మొదటిసారి తప్పు చెప్పినట్టే. తల్లి వైపు భయంగా చూసి, క్యా గలత్ హువా అని పెదాలతోనే అడిగింది. ఊర్మిళ నవ్వుతూ, మళ్లీ చెప్పమని చేత్తో సైగ చేసింది. రెండోసారి ఆఖరి మాట లాస్య ఒక్కతే చెప్పలేదు, ముందు వరసలన్నీ చెప్పాయి. జానకిరామ్ పెదాలు కూడా రెండుసార్లు మూసుకుని తెరుచుకోవడం ఊర్మిళ కళ్లారా చూసింది.

భోజనాల దగ్గర కనకాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. సింహాచలం భార్యతో మాట్లాడింది, తఖత్‌పూర్ వాళ్లతో మాట్లాడింది, అసలు పరిచయం లేనివాళ్లతోనూ మాట్లాడింది. విస్తరి పట్టుకుని జానకిరామ్ దగ్గర ఆగింది.

“ఏటండి బావూ, పులిహోర ఎవరు సేసినారు? సింతపండు బాగా పట్టినాది గానీ ఉప్పు సాల్నేదు.”

మా ఆవిడే చేసిందండీ అని ఆయన నసిగాడు. ఆవిడకి చెప్పనులే అని కనకం ఆయనకి మాటిచ్చి, వెంటనే ఆవిడని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఆయన ఊర్మిళ వైపు తిరిగి, మీ అత్తగారు తెలుగు ఇంత బాగా మాట్లాడతారని నాకు తెలియదండీ అన్నాడు. మీకేమిటి, ఈ హాలుకే తెలియదండీ అంది ఊర్మిళ.

ఇంటికి ఆటోలో వచ్చారు. లాస్య గడ్డం తుడుచుకోనంది. గిరిబాబు రాయ్‌గఢ్ దగ్గర డ్యూటీలో ఉన్నాడు, బండి దిగాక వీడియో చూస్తానన్నాడు. కనకం దారి పొడుగునా చెబుతూనే ఉంది. ఎవరెవరు వచ్చారో, ఎవరి కోడలు ఎవరో, తన చిన్నప్పుడు సముద్రం ఒడ్డున చేపలు ఎలా ఎండబెట్టేవారో. మామూలుగా ఆటోవాళ్లతో ఛత్తీస్‌గఢీలో బేరమాడి గెలిచే మనిషి, ఇప్పుడు ఆ తెలుగు మాటల ధోరణిలోనే ముందుకి వంగి డ్రైవరు భుజం తట్టింది.

“బాబూ, ఆ మలుపు కాడ ఆపీ. బేగి ఎల్లిపోకు, గతుకులున్నాయి.”

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఏమన్నావమ్మా అన్నట్టు “కా కహేవ్ దాయీ?” అన్నాడు. హిందీలో చెప్పాలని ఊర్మిళకి తోచింది గానీ చెప్పలేదు. కనకం అదే మాట మళ్లీ, ఇంకాస్త నిదానంగా, తెలుగులోనే చెప్పింది.

అతనికి ఏం అర్థమైందో గానీ, ఆటో నెమ్మదైంది. గతుకులు చూసుకుంటూ దాటి, సరిగ్గా మలుపు దగ్గర ఆగింది.